రేక్యావిక్ పబ్లిక్ స్విమ్మింగ్ పూల్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లకు: టికెట్ నుంచి వేడి తొట్టి దాకా

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఈత గురించి తక్కువ, స్నానం గురించి ఎక్కువ ఉంటుంది. ఐస్‌లాండ్‌లో పబ్లిక్ పూల్‌కి వెళ్లడానికి ఈత రావాల్సిన పని లేదు. కానీ నీళ్లలో దిగే ముందు, ఒంటి మీద నూలుపోగు లేకుండా, పక్కన ముక్కూ మొహం తెలియని నలుగురు ఉండగా, సబ్బు పెట్టి స్నానం చేయాలి. ఈ ఒక్క మాట వినగానే చాలామంది ప్లాన్‌లోంచి పూల్‌ని తీసేసి, ఆ గంటల్లో ఇంకో జలపాతం చేర్చుకుంటారు. జలపాతాలు ఐస్‌లాండ్‌లో దారి పొడవునా కనిపిస్తూనే ఉంటాయి. ఐస్‌లాండ్ మనుషులు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుంటూ కనిపించేది మాత్రం పూల్‌లోనే. జనాభా సుమారు నాలుగు లక్షలున్న ఆ దేశంలో వందకు పైగా పబ్లిక్ పూల్స్ ఉన్నాయంటే వాటి మీద వాళ్లకెంత ప్రేమో అర్థమవుతుంది.

ఏ పూల్‌కి వెళ్లాలి

బ్లూ లగూన్ పేరు అందరికీ తెలుసు. అది పబ్లిక్ పూల్ కాదు, స్పా. పక్కనే, నేల లోపలి వేడితో నడిచే స్వార్త్‌సెంగీ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే నీళ్లతో ఏర్పడింది. బాగానే ఉంటుంది, కాకపోతే టికెట్ ఖరీదు, చుట్టూ ఉండేది టూరిస్టులే. ఊరివాళ్లు వెళ్లే పూల్ కావాలంటే రాజధాని రేక్యావిక్ నగరపాలక సంస్థ నడిపే వాటికి వెళ్లాలి.

వాటిలో అన్నిటికన్నా పెద్దది, పేరున్నది లోయ్గర్దాల్స్‌లోయ్గ్. పేరు నోరు తిరగకపోతే మన ‘లోయ’ను గుర్తుపెట్టుకోండి. నిజంగానే అది ఒక లోయ పేరు, కాకపోతే వాళ్ల భాషలో లోయను ‘దాలుర్’ అంటారు. ‘లోయ్గ్’ అంటే వేడినీటి కొలను. ఒకప్పుడు రేక్యావిక్ ఆడవాళ్లకు బట్టలుతికే రేవు ఇదే. మూట వీపున కట్టుకుని, మంచులోనూ గాలిలోనూ మూడు కిలోమీటర్లు నడిచి, ఇక్కడి వేడి ఊటల్లో బట్టలు ఉతుక్కుని, తడి మూటతో మళ్లీ అంతదూరం నడిచి వెళ్లేవారు. ఊటలో జారిపడి కాలి చనిపోయినవాళ్లూ ఉన్నారు. తర్వాత ఊటల మీద ఇనుప కమాన్లు బిగించారు, అవి ఇప్పటికీ ఉన్నాయి. నగరంలో ఇప్పుడు షాపులతో కళకళలాడే లోయ్గావేగుర్ వీధి ఆ ఆడవాళ్లు నడిచిన బాటే, ఆ పేరుకు అర్థం కూడా అదే. ఈ లోయలోనే బోరు వేసి, 1930లో గొట్టాల్లో వేడినీళ్లు ఊళ్లోకి పంపి ఒక బడినీ, ఆసుపత్రినీ, కొన్ని పదుల ఇళ్లనీ వెచ్చబెట్టారు. ఇప్పుడు దేశంలో దాదాపు 90 శాతం ఇళ్లు నేల లోపలి వేడితోనే వెచ్చగా ఉంటున్నాయి. నడి చలికాలంలో ఆరుబయట పూల్ నడపగలుగుతున్నారంటే కారణం ఇదే, వేడినీళ్లు నేలలోంచే వస్తాయి.

ఇప్పటి పూల్ 1968లో తెరిచారు. ఆరుబయట 50 మీటర్ల పూల్, 2005లో వచ్చిన ఇంకో 50 మీటర్ల ఇండోర్ పూల్, పిల్లల కొలను, జారుడు బల్ల, ఆవిరి గది, రకరకాల వేడి తొట్లు ఉన్నాయి. వాటిలో ఒకటి సముద్రపు నీటిది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను దీన్నే చెబుతాను. పెద్దది కాబట్టి కొత్తవాళ్లు తప్పు చేసినా ఎవరి కంటా పడరు.

బస నగరం నడిబొడ్డునైతే సుంద్‌హోల్ అనే పూల్ దగ్గరవుతుంది. 1937లో తెరిచిన ఈ భవనాన్ని గుడ్యోన్ సామ్యూయెల్సన్ గీశాడు. రేక్యావిక్ ఫొటోలన్నిటిలో కనిపించే హాల్‌గ్రిమ్స్‌కిర్క్యా చర్చి గీసిందీ ఆయనే. 2017లో దీనికి ఆరుబయట భాగం కూడా కలిపారు. ఇంకా నెమ్మదిగా, ఇరుగుపొరుగు కబుర్ల మధ్య కూర్చోవాలంటే పడమటి వైపు వెస్తుర్‌బయార్‌లోయ్గ్ ఉంది. నిజానికి నాకు బాగా నచ్చేది అదే, కానీ మొదటి రోజుకి వద్దు. అక్కడ అందరికీ అందరూ తెలుసు, కొత్త మొహం ఇట్టే తెలిసిపోతుంది.

ఎప్పుడు, ఎంత, ఎలా

లోయ్గర్దాల్స్‌లోయ్గ్ మామూలు రోజుల్లో పొద్దున 6:30కే తెరుస్తారు, రాత్రి పది దాకా ఉంటుంది. శని ఆదివారాలూ, పండుగలూ వేళలు మారతాయి కాబట్టి ఆ రోజు ఒకసారి నగరపాలక సంస్థ వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. పొద్దున్నే పెద్దవాళ్లు, సాయంత్రం ఐదు దాటాక పిల్లలతో కుటుంబాలు, చీకటి పడ్డాక కుర్రకారు. రద్దీ ఇష్టం లేకపోతే మామూలు రోజు పదీ పదకొండు మధ్య వెళ్లండి.

టికెట్ ముందుగా బుక్ చేయనక్కర్లేదు, కౌంటర్లో బ్యాంకు కార్డుతో కట్టేస్తే చాలు. ధర వెయ్యి క్రోనాల (అక్కడి డబ్బు) పైన ఉంటుంది, బ్లూ లగూన్ ధరలో చిన్న భాగం. 24, 48, 72 గంటలకు అమ్మే రేక్యావిక్ సిటీ కార్డు కొన్నట్టయితే నగర పూల్స్‌కి వేరే టికెట్ అక్కర్లేదు, సిటీ బస్సు కూడా అందులోనే. నగరం మధ్య నుంచి పూల్ దాకా నడక ముప్పావుగంట లోపే. వెళ్లేటప్పుడు నడవండి, తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కండి. ఒళ్లంతా సడలిపోయి కాళ్లు కదలవు.

పదేళ్ల లోపు పిల్లలకు తోడుగా కనీసం 15 ఏళ్లున్నవాళ్లు ఉండాలి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

స్విమ్‌సూట్, తువ్వాలు. ఈ రెండూ లేకపోయినా కౌంటర్లో అద్దెకిస్తారు. కానీ అద్దె స్విమ్‌సూట్ మీకు సరిపోతుందన్న గ్యారంటీ లేదు. ఒళ్లంతా కప్పే లైక్రా సూట్ వేసుకున్నా ఎవరూ ఏమీ అనరు, అది ఈత కోసం కుట్టినదైతే చాలు. కాటన్ టీ షర్టులూ, లోపల అండర్‌వేర్ వేసి పైన షార్ట్సూ కుదరవు. క్యాప్ తప్పనిసరి కాదు.

షాంపూ, దువ్వెన, తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ కవరు. ఒంటికి సబ్బు అక్కడే ఉంటుంది.

వెండి సామాను గదిలోనే వదిలేయండి. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు ఏవైనా సరే. అక్కడి వేడినీళ్లలో గంధకం ఉంటుంది, హోటల్ షవర్ తిప్పగానే ఉడికిన కోడిగుడ్డు వాసన వచ్చేది అందుకే. ఆ నీళ్లు తగిలితే వెండి నల్లబడుతుంది. మెట్టెలు తీయడం పట్టింపైతే తీయకండి, నల్లబడ్డవాటిని ఇంటికొచ్చి తోముకోవచ్చు. ఇంకో మాట, ఆ రోజు తలకు నూనె రాసుకుని వెళ్లకండి. రాసుకుంటే అక్కడి షవర్ కింద నిలబడి దాన్ని వదిలించే బాధ్యత కూడా మీదే, ఆ పని రెండు నిమిషాల్లో తేలదు.

చెప్పుల దగ్గర మొదలు

బట్టలు మార్చుకునే గది గడప దగ్గరే బూట్లు విప్పాలి. పక్కన అరలుంటాయి. ఖరీదైన బూట్లయితే కవర్లో పెట్టి లాకర్‌లోకి తీసుకెళ్లండి. బూట్లతో లోపలికి అడుగుపెట్టడం గుళ్లోకి చెప్పులతో వెళ్లినంత తప్పు అక్కడ.

తలుపుల మీద మగవాళ్లకు ‘కార్లార్’ అని, ఆడవాళ్లకు ‘కోనూర్’ అని ఉంటుంది. రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. తొందరలో మొదటి అక్షరం చూసి దూసుకెళ్లకుండా బొమ్మ చూసి వెళ్లండి.

లోపల లాకర్ ఎంచుకుని బట్టలు మొత్తం విప్పేయాలి. స్విమ్‌సూట్ ఇక్కడ వేసుకోకూడదు. దాన్ని ఒక చేత్తో, తువ్వాలు ఇంకో చేత్తో పట్టుకుని షవర్ల వైపు నడవాలి. తువ్వాలు లాకర్‌లో పెట్టి తాళం వేయకండి. నేను మొదటిసారి చేసిన ఘనకార్యం అదే. ఈత అయ్యాక నీళ్లు కారుతూ లాకర్ల మధ్యకు వస్తే, ఒక పెద్దాయన ఏమీ అనకుండా నేల వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. అక్కడి నేల పొడిగా ఉండాలి. తువ్వాలు పెట్టుకోవడానికి షవర్ల పక్కనే అరలుంటాయి, దాని చోటు అదే.

ఫోన్ మాత్రం లాకర్‌లోనే ఉండాలి. బట్టలు మార్చుకునే గదిలో, షవర్ల దగ్గర ఫోన్ బయటికి తీయడం పెద్ద తప్పు. పూల్ దగ్గర కూడా జనం మధ్య ఫొటోలు తీస్తే ఎవరికీ నచ్చదు. వేడి తొట్టిలో సెల్ఫీ లేకుండా తిరిగొస్తే కొంపలేం మునగవు.

షవర్

అసలు ఘట్టం ఇది. గోడ మీద ఒక మనిషి బొమ్మ ఉంటుంది, తల, చంకలు, గజ్జలు, పాదాలు ఎర్రగా గుర్తుపెట్టి. ఆ చోట్లన్నీ సబ్బుతో కడగాలని చాలా భాషల్లో రాసి ఉంటుంది. స్విమ్‌సూట్ వేసుకుని కడగడం లెక్కలోకి రాదు. షవర్ల దగ్గర ఒక ఉద్యోగి ఉంటారు. సూట్‌తో దూరిపోదామని చూస్తే వెనక్కి పంపుతారు. ఉద్యోగి చూడకపోతే పక్కనున్న పెద్దావిడో పెద్దాయనో చెబుతారు. అది అవమానించడం కాదు, దారిలో కొత్తవాడికి అడ్రస్ చెప్పినంత మామూలుగా చెబుతారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, అక్కడి పూల్స్‌లో క్లోరిన్ చాలా తక్కువ వేస్తారు. చెమటా మూత్రమూ లాంటివి క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. స్విమ్మింగ్ పూల్ అనగానే గుర్తొచ్చే ఆ ఘాటు వాసనా, కళ్ల మంటా క్లోరిన్ వల్ల కాదు, వీటివల్ల. మనుషులు శుభ్రంగా దిగితే నీళ్లలో మందు తక్కువ సరిపోతుంది. ఒక్కడు కడుక్కోకుండా దిగినా, ఆ నీళ్లలో కూర్చున్న అందరికీ మోసమే.

లెక్క అర్థమైనంత మాత్రాన సిగ్గు పోదని నాకు తెలుసు. అందుకని పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతా.

ఎవరూ చూడరు. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. వాళ్లు చిన్నప్పటి నుంచి వారం వారం ఇదే చేస్తున్నారు, వాళ్లకది పళ్లు తోముకోవడం లాంటిది. పొట్టలున్నవాళ్లు, ఆపరేషన్ కుట్లున్నవాళ్లు, ఎనభై ఏళ్లవాళ్లు, అన్ని రకాల ఒళ్లూ ఉంటాయి. కంగారుగా అటూ ఇటూ చూసేవాడే అందరి కంటా పడతాడు.

షవర్ దాకా తువ్వాలు చుట్టుకుని వెళ్లండి, ఎవరూ కాదనరు. అరలో పెట్టేసి, మూలనున్న షవర్ చూసుకుని గోడ వైపు తిరగండి. రెండు మూడు నిమిషాల పని. కడుక్కున్నాక అక్కడే స్విమ్‌సూట్ వేసుకోవాలి. తడి ఒంటికి లైక్రా ఎక్కించడం కుస్తీ పట్టినట్టే ఉంటుంది, కాబట్టి కొంచెం వదులుగా ఉన్నది తెచ్చుకుంటే మేలు.

తెలియనివాళ్ల మధ్య కన్నా తెలిసినవాళ్ల మధ్యే ఇబ్బంది ఎక్కువ. మామగారితోనో, బావమరిదితోనో, ఆఫీసు కొలీగ్‌తోనో వెళ్తే మాట్లాడుకుని పది నిమిషాల తేడాతో లోపలికి వెళ్లండి. వేడి తొట్టిలో కలుసుకోవచ్చు. ఈ చిన్న ఏర్పాటు వల్ల ఎన్ని బంధుత్వాలు నిలిచాయో!

ఇంతా చెప్పాక కూడా కుదరదనిపిస్తే, టికెట్ కౌంటర్ దగ్గరే విడిగా మార్చుకునే గది గానీ తెర ఉన్న షవర్ గానీ ఉందా అని అడగండి. కొన్ని పూల్స్‌లో ఉంటాయి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కారణం చెప్పాల్సిన పని కూడా లేదు.

తలుపు నుంచి నీళ్ల దాకా

ఇక్కడి నుంచి వేడి తొట్టి దాకా ఉన్నది కొన్ని అడుగులే, కానీ తడి ఒంటితో, గాలిలో. జనవరిలో అయితే ఆ దూరం గుర్తుండిపోతుంది. పరుగెత్తాలనిపిస్తుంది, పరుగెత్తకండి, నేల జారుతుంది. ముందుగా తలుపు దగ్గర నిలబడి ఏ తొట్టికి వెళ్లాలో చూసుకుని, అప్పుడు బయటికి అడుగువేయండి.

చలికాలం వెళ్లినా వెనకాడకండి. డిసెంబరు చివర్లో అక్కడ పగలు నాలుగు గంటలే, సూర్యుడు పదకొండు దాటాక గానీ రాడు. చీకట్లో ఆవిరి లేస్తుంటే, మెడ దాకా వేడినీళ్లు, తల మీద మంచు రాలుతుంటే కూర్చోవడం జూన్‌లో దొరకదు. జూన్‌లో దొరికేది వేరే, రాత్రి పది గంటలప్పుడు కూడా వెలుతురు.

వేడి తొట్టిలో

వాళ్లు దీన్ని ‘హెయ్తుర్ పోత్తుర్’ అంటారు, అంటే వేడి కుండ. ఒక్కో తొట్టి దగ్గర ఉష్ణోగ్రత రాసి ఉంటుంది. 38 డిగ్రీలతో మొదలుపెట్టండి. కాసేపయ్యాక 40, తర్వాత ఓపికుంటే 42. అంతకన్నా వేడి తొట్టిలో కొత్తవాళ్లు ఐదు నిమిషాలు కూర్చుంటే గొప్ప. తల తేలిపోతున్నట్టు అనిపించగానే లేచి గట్టు మీద కూర్చోండి, మంచినీళ్లు తాగండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లూ, గర్భిణులూ ముందే డాక్టర్‌ని అడిగి వెళ్లాలి. తాగి వెళ్లడం మాత్రం ఎవరికీ పనికిరాదు.

పక్కనే చన్నీటి తొట్టి కూడా ఉంటుంది. వేడిలోంచి లేచి అందులో మెడ దాకా మునిగి, మళ్లీ వేడిలోకి వెళ్లడం కొందరికి అలవాటు. నేను మోకాళ్ల దాకా దిగి వచ్చేశా, అది ఎక్కడా చెప్పుకోను.

తొట్టిలో దిగుతూ ‘గోదన్ దాయిన్’ అంటే చాలు, మన నమస్కారం లాంటిది. కాళ్లు చాపుకోకుండా పక్కవాళ్లకు చోటివ్వండి. అక్కడ టాక్సీ డ్రైవరూ మంత్రీ ఒకే తొట్టిలో కూర్చుంటారు, అందరూ స్విమ్‌సూట్లలోనే ఉంటారు కాబట్టి ఎవరెవరో తెలియదు కూడా. బయట ముభావంగా కనిపించే మనుషులు ఇక్కడ వాతావరణంతో మొదలుపెట్టి రాజకీయాల దాకా మాట్లాడతారు. మిమ్మల్ని పలకరించకపోతే నొచ్చుకోకండి. ‘ఈ గాలి ఎప్పుడూ ఇలాగే ఉంటుందా’ అని మీరే ఇంగ్లీషులో అడిగి చూడండి. గాలి గురించి ఐస్‌లాండ్ వాళ్లకు చాలా చెప్పాల్సింది ఉంటుంది. కళ్లు మూసుకుని వెనక్కి వాలిన మనిషిని మాత్రం కదపకండి.

ఈదాలనుకుంటే

పెద్ద పూల్ నీళ్లు 28, 29 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఈదేవాళ్లకు హాయి. మీ వేగానికి తగ్గ లేన్ చూసుకుని కుడి పక్కగా ఈదండి. లోతు గట్టు మీద రాసి ఉంటుంది. ఈత రానివాళ్లు అది చదివి, లోతు తక్కువ వైపే ఉండాలి. పక్కన పదేళ్ల పిల్లలు చేపల్లా ఈదుతుంటే చిన్నబోకండి. సముద్రం మీద బతికే దేశం, తీరం కనబడుతుండగానే మునిగిపోయిన జాలర్ల కథలు చాలా ఉన్నాయి. 1940 నుంచి అక్కడ బడి పిల్లలందరూ ఈత నేర్చుకోవాలని చట్టమే ఉంది.

బయటికి వచ్చేటప్పుడు

మళ్లీ షవర్. ఈసారి సిగ్గు సగం తగ్గి ఉంటుంది. అరలో తువ్వాలు తీసుకుని, షవర్ల పక్కనే ఒళ్లు పూర్తిగా తుడుచుకున్నాకే లాకర్ల వైపు వెళ్లండి. పాదాలు కూడా, ఆ పెద్దాయన చూపు నాకు ఇంకా గుర్తుంది. స్విమ్‌సూట్ నీళ్లు పిండడానికి గోడ దగ్గర చిన్న గిర్రున తిప్పే యంత్రం ఉంటుంది. మూత నొక్కి పట్టుకుంటే క్షణాల్లో దాదాపు ఆరిపోతుంది. హెయిర్ డ్రయ్యర్లూ ఉంటాయి. చలికాలంలో జుట్టు బాగా ఆరబెట్టుకోకుండా బయటికి రావద్దు, బస్సు వచ్చేలోపు వెంట్రుకలు గట్టిపడతాయి.

ఇక ఆకలి. వేడినీళ్లలో గంటన్నర నానాక వేసే ఆకలి మామూలుది కాదు. ఊరివాళ్లు ఈత తర్వాత తినేది ‘పిల్సా’, వాళ్ల హాట్ డాగ్. అందులో ఎక్కువగా గొర్రె మాంసమే ఉన్నా పంది, ఎద్దు మాంసం కూడా కలుస్తాయి, తిననివాళ్లు చూసుకోండి. తినేవాళ్లు ‘ఎయినా మెద్ ఒట్లు’ అని అడగండి. ‘అన్నీ వేసి ఒకటి’ అని దానర్థం. పచ్చి ఉల్లి, కరకరలాడే వేయించిన ఉల్లి, కెచప్, తియ్యని ఆవ, రెమలాడ్ అనే మయొనేజ్ సాస్ అన్నీ వేసి చేతిలో పెడతారు. తిననివాళ్లకు ఐస్‌క్రీమ్ ఉంది. బయట సున్నా డిగ్రీలున్నా, గాలి వీస్తున్నా, పూల్ నుంచి వచ్చినవాళ్లు కోన్ పట్టుకుని నిలబడే ఉంటారు.